ఇటుకల బాట - ఇసుక తీరము

పందెమునందు మానవునకు గల మక్కువ నేటిది కాదు. కాలినడక తప్ప వేఱొక సాధనము లేని నాడు పరుగు పందెములు జరిగెను. గుఱ్ఱమును మచ్చిక చేసికొన్న పిమ్మట గుఱ్ఱపు పందెములును, బండి వాడుకలోనికి వచ్చిన పిమ్మట రథముల పందెములును వెలసెను. కొన్ని తెలుగు పల్లెలలో సంక్రాంతి పండుగకు నేటికిని ఎడ్లబండ్ల పందెములు జరుగుచునే యున్నవి. ఏ వాహనము పుట్టినను దాని వెనువెంటనే దాని పందెమును పుట్టును. కావున పందొమ్మిదవ శతాబ్దము చివర మోటారుకారు పుట్టగానే కార్ల పందెములు మొదలగుటలో వింత లేదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరుగు కార్ల పందెములలో రెండు జగత్ప్రసిద్ధములు. మొదటిది ఇండియానా రాష్ట్రమునకు రాజధానియగు ఇండియానాపొలిస్ నగరమున మే నెల చివర జరుగు 'ఇండియానాపొలిస్ 500'. రెండవది ఫ్లారిడా రాష్ట్రమున, అట్లాంటిక్ సముద్రపుటొడ్డున నున్న డేటోనా బీచి పట్టణమున ఫిబ్రవరి నెలలో జరుగు 'డేటోనా 500'. ఈ పేళ్ళలోని 500 అను సంఖ్య మైళ్ళను తెలుపును. 500 మైళ్ళనగా సుమారు 805 కిలోమీటర్లు. విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు గల దూరము దాదాపు ఇంతయే. రెండు చోట్లను పందెపు బాట చుట్టుకొలత రెండున్నర మైళ్ళు. రెండు చోట్లను 200 చుట్లు తిరుగవలెను. రెండు చోట్లను బండ్లు ఎడమ వైపునకే మలుపు తిరుగును.

ఇన్ని పోలికలున్నను ఈ రెండు పందెములు ఒక్క తీరువి కావు. గౌరవమున ఏది మిన్న, ఉత్కంఠను కలిగించుటలో ఏది మిన్న అను వాదము పందెముల ప్రియులలో చిరకాలముగ సాగుచున్నది. ఈ వాదమును తీర్పవలెనన్నచో ముందుగా వాని పుట్టుకను, వాని బాటలను, అచ్చట పరుగిడు బండ్లను గూర్చి తెలిసికొనవలెను.

ఇండియానాపొలిస్ పందెపు బాట 1909వ సంవత్సరమున నిర్మింపబడినది. ఆ కాలమున ఆ నగరమున కార్లను తయారుచేయు కర్మాగారములనేకము లుండెను. కాని క్రొత్త కారును పూర్తి వేగముతో నడిపి పరీక్షించుటకు తగిన రోడ్లు లేకుండెను. కార్ల దీపములకు వలయు వాయువును అమ్మి ధనికుడైన కార్ల్ ఫిషర్ అను నతడు మరి ముగ్గురు వ్యాపారులతో కలిసి ఊరి వెలుపల విశాలమైన బాటను వేయించెను. పగులగొట్టిన రాళ్ళను పఱచి, వానిపై తారు పోసి ఆ బాటను సిద్ధపఱచిరి. 1909 ఆగస్టులో అచ్చట జరిగిన మొదటి కార్ల పందెములు విషాదాంతములైనవి. బండ్ల తాకిడికి బాట పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోయెను. మూడు దినములలో ప్రేక్షకులతో కూడ ఐదుగురు మరణించిరి.

ఆ బాటను అట్లే యుంచినచో మరి యెవరును అచ్చటికి రారని యజమానులు గ్రహించిరి. వారు రెండు నెలలు దాటిన కొలది దినములలో, సరిగా 63 దినములలో, 32 లక్షల ఇటుకలను పఱపించి ఆ బాటను గట్టిపఱచిరి. నాటినుండి దానికి 'ఇటుకల బాట' అను ముద్దుపేరు నిలిచినది. తరువాతి కాలమున ఆ ఇటుకలపై క్రమముగ తారు పఱచిరి. ఐనను పందెము మొదలై ముగియు గీటు వద్ద ఒక గజము వెడల్పున ఇటుకలను నేటికిని కప్పక విడిచిపెట్టి యున్నారు. గెలిచిన చోదకుడు మోకరిల్లి ఆ ఇటుకలను ముద్దు పెట్టుకొనుట నేటి ఆచారము.

ఆ బాటపై మొదటి 500 మైళ్ళ పందెము 1911 మే 30వ తేదీన జరిగెను. 40 కార్లు బయలుదేరినవి. ఆ దినములలో ప్రతి పందెపు కారులోను చోదకుని ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండెడివాడు. ఇంజనును కనిపెట్టి చూచుట, వెనుకనుండి వచ్చు బండ్లను గూర్చి చోదకుని హెచ్చరించుట అతని పని. రే హారూన్ అను ఇంజనీరు మాత్రము ఒంటరిగా వచ్చెను. అతని పసుపుపచ్చని కారు సన్నగా, కందిరీగ వలె నుండెను. దానిలో ఒక్కరికే చోటు కలదు. వెనుక వచ్చువారిని చూడలేని కారు అపాయకరమని తక్కిన చోదకులు అభ్యంతరము చెప్పిరి. హారూన్ తన యెదుట ఒక అద్దమును బిగించి, వెనుక వచ్చు బండ్లు అందులో కనబడునని సమాధానమిచ్చెను. అతడు 6 గంటల 42 నిమిషములలో 500 మైళ్ళను ముగించి గెలిచెను. గంటకు సరాసరి 74 మైళ్ళకు మించిన వేగమది. ఇటుకలపై బండి అదరుటచే ఆ అద్దమున ఏదియు సరిగా కనబడలేదని అతడే తరువాత చెప్పెను. ఏమైనను, నేడు ప్రతి కారునందును చోదకుని యెదుట నుండు అద్దమునకు ఆనాటి అద్దము తొలి యుదాహరణములలో నొకటి.

ఆనాటినుండి రెండు ప్రపంచ యుద్ధముల కాలమున తప్ప ఇండియానాపొలిస్ పందెము ఏ సంవత్సరమును ఆగలేదు. రెండవ యుద్ధకాలమున ఆ బాటను పట్టించుకొన్నవారు లేక గడ్డి మొలిచి, మెట్లు శిథిలమయ్యెను. అంతకు ముందు మూడు పర్యాయములు ఆ పందెమును గెలిచిన విల్బర్ షా అను చోదకుడు దాని దురవస్థను చూచి వగచి, దానిని కొని నిలుపగల వారికై వెదకెను. 1945 నవంబరులో టోనీ హల్మన్ అను వర్తకుడు దానిని కొని బాగుచేయించెను. మరుసటి సంవత్సరమే పందెము మరల జరిగినది. ఒక పందెమును దాని చోదకుడే మరణమునుండి తప్పించుట అరుదైన విషయము.

కాలము గడచిన కొలది ఆ పందెము చుట్టు ఆచారములు పెరిగినవి. 33 కార్లు మాత్రమే పందెమునకు అర్హములు. అవి వరుసకు మూడు చొప్పున 11 వరుసలుగా బయలుదేరును. నాలుగు చుట్ల సరాసరి వేగమును బట్టి ఎవరెచ్చట నిలువవలెనో నిర్ణయింతురు. గెలిచినవాని ముఖమును ఒక పెద్ద వెండి పాత్రపై చెక్కుదురు. ఐదడుగులకు మించిన ఎత్తుగల ఆ పాత్రపై 1911నుండి గెలిచిన వారందఱి ముఖములును కలవు. 1936లో మూడవ పర్యాయము గెలిచిన లూయీ మేయర్ అను చోదకుడు దాహము తీర్చుకొనుటకు మజ్జిగ త్రాగెను. ఆ ఛాయాచిత్రము పత్రికలలో వెలువడినది. క్రమముగ గెలిచినవాడు పాలు త్రాగుట నియమమైపోయినది. 1993లో గెలిచిన ఎమర్సన్ ఫిట్టిపాల్డీ అను బ్రెజిల్ దేశీయుడు ముందుగా నారింజరసము త్రాగగా ప్రేక్షకులు కోపించి కేకలు వేసిరి! ఈ ఆచారములన్నియు పైకి చిన్నవిగా తోచును. కాని తాతలు చూచిన దానిని మనుమలును చూచుచుండుటచేతనే ఆ పందెమునకు గౌరవము కలిగినది. అచ్చట రెండున్నర లక్షలకు పైగా జనులు కూర్చుండుటకు ఆసనములు కలవు. లోకమున ఇంత పెద్ద క్రీడాస్థలము మఱియొకటి లేదందురు.

డేటోనా కథ ఇటుకలతో గాక ఇసుకతో మొదలైనది. అచ్చటి సముద్రతీరమున ఇసుక గట్టిగా నేల వలె బిగిసియుండును. పోటు తీసిన వేళ మైళ్ళ కొలది చదునైన మైదానము వలె కనబడును. అందుచే 1903నుండి చోదకులు అచ్చటికి వచ్చి తమ కార్ల వేగమును పరీక్షించుకొనుచుండిరి. 1935 మార్చిలో సర్ మాల్కం కాంప్‌బెల్ అను ఆంగ్లేయుడు ఆ ఇసుకపై గంటకు 276 మైళ్ళ వేగమున కారు నడిపెను. 1936లో సగము ఇసుకపైనను సగము రోడ్డుపైనను తిరుగు పందెమొకటి మొదలాయెను. సముద్రపు పోటు వచ్చులోగా దానిని ముగింపవలసి యుండెడిది.

ఆ పందెమున పాల్గొన్న వారిలో బిల్ ఫ్రాన్స్ అను మెకానిక్కు ఒకడు. ఆ కాలమున అమెరికా దక్షిణ ప్రాంతమున మామూలు కార్లతో పందెములాడుట మిక్కిలి వ్యాప్తిలో నుండెను. చాటుగా సారా తరలించుటకై ఇంజనుకు మెఱుగులు దిద్దిన కార్లను నడిపినవారును ఆ పందెములలో నుండిరి. నియమములు ఊరికొక తీరుగా నుండెను. కొందఱు నిర్వాహకులు బహుమాన ధనమును ఇయ్యకయే మాయమగుచుండిరి. ఈ అవ్యవస్థను తొలగింపనెంచి బిల్ ఫ్రాన్స్ 1947 డిసెంబరులో డేటోనాలోని ఒక హోటలున చోదకులను, నిర్వాహకులను సమావేశపఱచెను. దాని ఫలితముగా 1948 ఫిబ్రవరిలో 'నాస్కార్' అను సంస్థ ఏర్పడినది. అంగడిలో సామాన్యుడు కొను కారు వంటి కారుతోనే పందెమాడవలెనన్నది దాని మూలసూత్రము.

తీరమున ఊరు పెరుగుటచేతను, జనము హెచ్చుటచేతను ఇసుకపై పందెములు సాగుట కష్టమాయెను. బిల్ ఫ్రాన్స్ ఊరికి లోపలి వైపున క్రొత్త బాటను నిర్మించెను. 1959లో తెఱవబడిన ఆ బాట మలుపులు 31 డిగ్రీల ఏటవాలుగా నుండును. ఇండియానాపొలిస్ మలుపుల వాలు సుమారు 9 డిగ్రీలు మాత్రమే. ఇంత వాలుగా కట్టుటకు వలసిన మట్టిని బాట నడుమనుండియే త్రవ్విరి. ఆ గోతిలో నీరు నిండి 29 ఎకరముల చెఱువైనది.

ఈ వాలు ప్రయోజనమేమో తెలిసికొనదగును. వేగముగ పోవు వస్తువు తిన్నగా పోవుటకే ప్రయత్నించును. దానిని మలుపు త్రిప్పుటకు లోపలి వైపునకు బలము కావలెను. చదునైన నేలపై ఆ బలమును టైర్ల రాపిడి మాత్రమే ఈయవలెను. బాట ప్రక్కకు వాలియున్నచో నేలయే కారును లోపలికి నెట్టును. జాతరలలో చెక్కబావి గోడలపై మోటారుసైకిలు పడిపోక తిరుగుట ఈ సూత్రముననే. ఈ వాలు వలన డేటోనాలో బరువైన కార్లు కూడ వేగము తగ్గింపకయే మలుపు తిరుగగలవు. 1959 డేటోనా పందెమున గెలిచిన కారు సరాసరి వేగము గంటకు 135 మైళ్ళు దాటినది. అదే సంవత్సరము ఇండియానాపొలిస్‌లో గెలిచిన కారు వేగమును దాదాపు అంతయే.

ఆ మొదటి డేటోనా పందెము ముగింపే దాని స్వభావమును చాటినది. 1959 ఫిబ్రవరి 22వ తేదీన 59 కార్లు బయలుదేరినవి. చివర లీ పెట్టీ, జానీ బోషాంప్ అను వారి కార్లు గీటును ఒక్కసారిగా దాటినవి. వారి ప్రక్కనే ఒక చుట్టు వెనుకబడిన మఱియొక కారును దాటుటచే ఎవరు ముందో తెలియరాలేదు. మొదట బోషాంప్ గెలిచినట్లు ప్రకటించిరి. లీ పెట్టీ అందుకు సమ్మతింపలేదు. ఛాయాచిత్రములను, చలనచిత్రములను తెప్పించి పరిశీలించి 61 గంటల తరువాత లీ పెట్టీయే విజేత యని తీర్పు చెప్పిరి. ఈ వివాదము వలన ఆ పందెమునకు నష్టము కలుగలేదు. దేశమంతయు రెండు దినములకు పైగా దాని మాటలే చెప్పుకొనినది. లీ పెట్టీ కుమారుడు రిచర్డు పెట్టీ తరువాత 1964నుండి 1981 వరకు ఆ పందెమును ఏడు పర్యాయములు గెలిచెను.

ఇక బండ్ల సంగతి. ఇండియానాపొలిస్ కారు చక్రములు బయటికి కనబడుచుండును. అది నేలకు ఆనుకొని, సన్నగా, తేలికగా నుండును. దాని ముందు వెనుకల నుండు రెక్కలు విమానపు రెక్కలకు విరుద్ధముగ పనిచేయును. విమానపు రెక్క పైకి లేపును. ఈ రెక్క కారును నేలకు అదుమును. డేటోనా కారు దీనికి దాదాపు రెట్టింపు బరువు కలది. దాని చక్రములు రేకు క్రింద దాగి, చూచుటకు వీధిలో తిరుగు కారు వలె నుండును. నేడు అది ఆకారమున మాత్రమే అంగడి కారు. లోపల అంతయు పందెమునకై ప్రత్యేకముగ చేసినదే. వేగమున ఇండియానాపొలిస్ కారుదే పైచేయి. 1996లో ఆరీ లైండైక్ అను చోదకుడు అర్హత పరీక్షలో నాలుగు చుట్లను గంటకు సరాసరి 236 మైళ్ళకు మించిన వేగమున తిరిగెను.

వేగము తక్కువైనను డేటోనాలో ఉత్కంఠ హెచ్చుటకు గాలియే ముఖ్య కారణము. ముందు పోవు కారు గాలిని చీల్చుకొని పోవును. దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గును. ఆ నీడలో పోవు కారునకు గాలి తక్కువగా అడ్డుపడును. 1960లో జూనియర్ జాన్సన్ అను చోదకుడు తన కారు ఇతరుల కార్లకంటె మందమైనదని తెలిసియు, వేగము గల కారు వెనుక అంటుకొని పోయి ఈ రహస్యమును కనుగొని ఆ పందెమును గెలిచెను. అప్పటినుండి డేటోనాలో కార్లు ఒంటరిగా పోవుట మానినవి. పదులకొలది కార్లు అంగుళముల ఎడముతో ఒక్క గుంపుగా గంటకు 190 మైళ్ళ వేగమున పోవుచుండును. 1988నుండి ఇంజనుకు పోవు గాలిని తగ్గించు పరికరమును తప్పనిసరి చేయుటచే కార్ల శక్తి ఇంచుమించు సమానమై గుంపులు మరింత దట్టమైనవి. ముందున్నవాడు గెలుచునన్న నమ్మకము అచ్చట లేదు. వెనుకనున్నవాడు చివరి చుట్టులో గాలినీడ నుండి బయటపడి దాటిపోవచ్చును.

అందువలననే డేటోనా చివరి చుట్లు కథలుగా నిలిచినవి. 1976లో రిచర్డు పెట్టీ, డేవిడ్ పియర్సన్ చివరి మలుపు దాటగనే ఒకరినొకరు తాకి గోడను గ్రుద్దుకొనిరి. పెట్టీ కారు గీటునకు కొలది గజముల దూరమున ఆగిపోయెను. పియర్సన్ తన నుజ్జయిన కారును మెల్లగా ఈడ్చుకొని పోయి గెలిచెను. 1979లో ఆ పందెమును మొదలునుండి తుది వరకు టెలివిజనులో ప్రత్యక్షముగ చూపిరి. ఆ దినమున అమెరికా ఈశాన్య భాగమున మంచుతుపాను వలన జనులు ఇండ్లు కదలలేకుండిరి. చివరి చుట్టులో ముందున్న రెండు కార్లు ఢీకొని ఆగిపోగా వెనుకనుండి రిచర్డు పెట్టీ వచ్చి గెలిచెను. ఢీకొన్న చోదకులు గడ్డిమీద ముష్టియుద్ధమునకు దిగిరి. దక్షిణ ప్రాంతపు వినోదము ఆ నాటితో దేశమంతటి వినోదమైనది. 2016లో డెన్నీ హామ్లిన్ అచ్చట సెకండులో నూరవ వంతు తేడాతో గెలిచెను.

ఇండియానాపొలిస్‌లో ఉత్కంఠ లేదనుట పొరపాటు. 1992లో అల్ అన్సర్ జూనియర్ 500 మైళ్ళ పరుగు చివర సెకండులో 43 వేయవ వంతుల తేడాతో మాత్రమే గెలిచెను. 2011లో ముందున్న యువకుడు చివరి చుట్టులో చివరి మలుపున గోడను తాకగా డాన్ వెల్డన్ దాటిపోయి విజేత యాయెను. ఐనను అచ్చటి గెలుపు సామాన్యముగ ఓర్పు వలన, లెక్క వలన, యంత్రపు పరిపూర్ణత వలన వచ్చును. చిన్న పొరపాటు చేసినవాడు మరల కోలుకొనుట కష్టము. డేటోనాలో నేర్పుతో పాటు అదృష్టమును కలిసి రావలెను. ఎవని తప్పిదము వలననో పదునైదు కార్లు ఒక్కసారిగా నాశనమగుట అచ్చట సామాన్యము. డేటోనా అభిమానులు దీనిని ఉత్కంఠ యందురు. ఇండియానాపొలిస్ అభిమానులు దీనిని జూదమందురు.

ఈ రెండింటిని గెలిచిన చోదకులు 2025 వరకు ఇద్దఱే. మారియో ఆండ్రెట్టీ 1967లో డేటోనాను, 1969లో ఇండియానాపొలిస్‌ను గెలిచెను. ఏ.జె. ఫాయిట్ ఇండియానాపొలిస్‌ను మొత్తము నాలుగు పర్యాయములును, 1972లో డేటోనాను గెలిచెను. ఒక చోటి నేర్పు రెండవ చోట సులభముగ చెల్లదని దీని వలన తెలియును. జానెట్ గత్రీ అను వనిత 1977లో రెండు పందెములలోను పాల్గొన్న మొదటి స్త్రీ యాయెను. స్త్రీకి ఇంత శ్రమ నోర్చు శక్తి యుండదని అన్నవారికి ఆమె మాటలతో గాక పరుగుతో బదులు చెప్పెను. 1978లో ఇండియానాపొలిస్‌లో ఆమె తొమ్మిదవ స్థానమున నిలిచెను.

గౌరవమును ఉత్కంఠను కొలుచునపుడు వానికై చెల్లింపబడిన మూల్యమును మఱువరాదు. వరుసగా 1953, 1954 సంవత్సరములలో ఇండియానాపొలిస్‌ను గెలిచిన బిల్ వుకోవిచ్ 1955లో ముందంజలో నుండియే ప్రమాదమున మరణించెను. 1964లో రెండవ చుట్టులోనే కార్లు ఢీకొని పెట్రోలు అంటుకొని ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ అనువారు అగ్నికి ఆహుతియైరి. ఆ దారుణము తరువాత అచ్చటి కార్లలో పెట్రోలు వాడుక మాని మెథనాల్ అను ఇంధనమును చేపట్టిరి. దాని మంట పగటివేళ కంటికి కనబడదు. ఐనను నీటితో దానిని ఆర్పవచ్చును. నీటితో ఆర్పబోయినచో పెట్రోలు మంట మరింత వ్యాపించును.

డేటోనాకు 2001 ఫిబ్రవరి 18వ తేదీ దుర్దినము. డేల్ ఎర్న్‌హార్ట్ అను మహాచోదకుడు ఆ పందెమునకై ఇరువది సంవత్సరములు ప్రయత్నించి 1998లో గెలిచినవాడు. ఆ నాడు అన్ని జట్లవారును అతనికి దారి పొడవున నిలిచి చేయి కలిపిరి. మూడేండ్ల తరువాత అదే పందెము చివరి చుట్టులో అతని కారు గోడను తాకెను. చూచువారికి అది పెద్ద ప్రమాదముగ తోచలేదు. కాని అతడు బ్రతుకలేదు. కారు హఠాత్తుగా ఆగినపుడు పట్టీలు చోదకుని శరీరమును పట్టి యుంచును. తలను పట్టి యుంచునది లేక అది ముందునకు విసరబడి పుఱ్ఱె అడుగుభాగము విఱుగును. దీనిని నివారించుటకు రాబర్ట్ హబ్బర్డ్ అను ఆచార్యుడును, అతని బంధువైన జిమ్ డౌనింగ్ అను చోదకుడును 1980 తరువాతి సంవత్సరములలోనే ఒక మెడపట్టెను కనిపెట్టి యుండిరి. అది భుజములపై ఆని శిరస్త్రాణమును వెనుకకు పట్టి యుంచును. అసౌకర్యమని చాలమంది దానిని ధరింపలేదు. 2001 అక్టోబరులో నాస్కార్ సంస్థ అట్టి సాధనమును తప్పనిసరి చేసినది.

గోడలను గూర్చియు ఆలోచించిరి. క్రికెట్ ఆటగాడు వేగముగ వచ్చు బంతిని పట్టునపుడు చేతులను వెనుకకు లాగును. బంతి ఆగుటకు పట్టు కాలము పెరుగుటచే చేతికి దెబ్బ తగ్గును. ఈ సూత్రమునే ఆధారము చేసికొని నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఇంజనీర్లు ఒక మెత్తని గోడను రూపొందించిరి. కాంక్రీటు గోడకు ముందు ఉక్కు గొట్టములను, వాని వెనుక నుఱుగు వంటి దిమ్మెలను అమర్తురు. కారు తాకినపుడు అది కొంచెము లోనికి నొక్కుకొని పోయి దెబ్బను మ్రింగును. ఆ గోడను మొదట 2002 మే నెలలో ఇండియానాపొలిస్‌లో నిలిపిరి. తరువాత అది డేటోనాకును, ఇతర బాటలకును ప్రాకినది. 2020 డేటోనా పందెపు చివరి చుట్టులో రయన్ న్యూమన్ కారు గాలిలోనికి లేచి తలక్రిందులై మంటలలో చిక్కుకొన్నది. చూచినవారందఱును అతనిపై ఆశ వదలుకొనిరి. రెండు దినములు గడచిన పిమ్మట అతడు తన ఇద్దఱు కుమార్తెల చేతులు పట్టుకొని ఆస్పత్రినుండి నడచి వచ్చెను. 2001 తరువాత 2025 వరకు నాస్కార్ ప్రధాన శ్రేణి పందెములలో ప్రమాదము వలన చోదకుడెవడును మరణింపలేదు.

కావున ఏది మిన్న అను ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పవచ్చును. గౌరవము కాలము వలన వచ్చును. ఉత్కంఠ క్షణము వలన వచ్చును. నూఱేండ్లకు పైబడిన ఆయుస్సు, వెండి పాత్రపై చెక్కిన ముఖములు, నేలలో మిగిలిన గజము వెడల్పు ఇటుకలు ఇండియానాపొలిస్‌కు గౌరవమున అగ్రస్థానము నిచ్చినవి. నిటారైన మలుపులు, గాలినీడలో సాగు గుంపులు, చివరి గీటు వరకు తేలని గెలుపు డేటోనాకు ఉత్కంఠలో అగ్రస్థానము నిచ్చినవి. ఒకదాని కీర్తి రెండవదాని కీర్తిని తగ్గింపదు. 1994లో ఇండియానాపొలిస్ బాట నాస్కార్ కార్లకు తొలిసారి ద్వారములు తెఱచినది. ఇటుకలను ముద్దు పెట్టుకొను ఆచారమును 1996లో అచ్చట మొదలిడినది కూడ డేటోనా విజేతయైన డేల్ జారెట్ అను నాస్కార్ చోదకుడే!

ఈ రెండు బాటలును వేగము కొఱకు పుట్టినవి. కాని వేగమొక్కటే వానిని నిలుపలేదు. పెళ్ళలు లేచిన బాటపై ఇటుకలు పఱచిన నాటినుండి మెత్తని గోడలు కట్టిన నాటి వరకు, ప్రాణము పోయిన ప్రతి చోట మరల పోకుండ చేయవలెనను పట్టుదలయే వానిని నిలిపినది. పందెపు చోదకుడు శిరస్త్రాణము, మెడపట్టె, ఆరు పట్టీలు, మెత్తని గోడ, చెంతనే వైద్యులు లేనిదే బయలుదేరడు. ఇవి యేవియు లేని వీధులలో అతనిని అనుకరింప జూచుట సాహసము కాదు, అవివేకము. వేగమును కనుగొన్నవాని కంటె, ఆ వేగమునుండి మనుష్యుని సురక్షితముగ ఇంటికి చేర్చు దారిని కనుగొన్నవాడే లోకమునకు ఎక్కువ మేలు చేసినవాడు.